చెవిలోని నీటికి కుర్చీ ఎందుకు?

తరగతి గదుల్లోంచి కుర్చీలు తీసేయడం విద్యారంగానికి జరిగిన గొప్ప మేలు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

మా బడిలో ఈ మేలు రెండేళ్ళ క్రితం జరిగింది. ఒక సెలవు రోజున పద్నాలుగు గదుల్లోని పద్నాలుగు కుర్చీలూ స్టోర్‌రూమ్‌కు వెళ్ళాయి. పద్నాలుగు గోడల మీదికి పద్నాలుగు కెమెరాలు వచ్చాయి. "టీచర్ కూర్చుంటే పాఠం కూడా కూర్చుంటుంది" అని సర్క్యులర్ వచ్చింది. ఆ ఒక్క వాక్యం కుదరడం కోసం బడిని నడిపే కరస్పాండెంట్‌గారు మధ్యాహ్నమంతా కుర్చీలోంచి లేవలేదని గుమాస్తా చెప్పాడు.

మీరే ఆలోచించండి. కూర్చుని బాగుపడినవారెవరు? బస్సును గుంతలో దింపే డ్రైవర్ కూర్చునే కదా దింపుతున్నాడు? కేసులు తాతల నుంచి మనవల దాకా నడుస్తున్నాయంటే జడ్జిగారు కూర్చోబట్టే కదా? గుర్రాన్ని చూడండి. నిలబడే నిద్రపోతుంది. ఏ గుర్రమైనా ఇంతవరకు సెలవు చీటీ పెట్టిందా?

ఇంత మంచి పథకానికి అడ్డు తగిలింది ఒక్కరే. ఏడో తరగతికి సైన్స్ చెప్పే టీచర్. ఆమె మా అక్క. కనుక నిష్పక్షపాతంగా రాస్తాను.

అక్కది చెవిలో నీటి గొడవ. స్నానం చేస్తే పోయే నీరు కాదు. లోపలి చెవిలో, నత్తగుల్లలాంటి ఎముక గూట్లో, పల్చటి పొరల సంచులుంటాయి. వాటి నిండా ఒక ద్రవం. అంతా కలిపినా రెండు మూడు చుక్కలకు మించదు. ఒక పక్క ఊరుతుంటుంది, ఇంకో పక్క ఒక చిన్న తిత్తి దాన్ని పీల్చుకుంటుంటుంది. ఊరినదంతా ఇంకితే మనిషి నిటారుగా నిలుస్తాడు. ఇంకడం తగ్గితే సంచి ఉబ్బుతుంది, చెవి దిబ్బడ వేస్తుంది, హోరు మొదలవుతుంది, ఆ తర్వాత గది గిర్రున తిరుగుతుంది. డాక్టర్ ఉప్పు తగ్గించమన్నాడు. తిరుగుడు మొదలైతే ఉన్నచోటే కూర్చోమన్నాడు.

అసలు లోపం ఎక్కడుందో గమనించారా? ఆ రెండు చుక్కల మీద యాజమాన్యం లేదు, కెమెరా లేదు, సర్క్యులర్ లేదు. క్రమశిక్షణ తప్పక ఏం చేస్తాయి?

ఒక కుర్చీ కావాలని అక్క అర్జీ పెట్టింది. కరస్పాండెంట్ గదికి తోడుగా నేనూ వెళ్ళాను.

"రెండంతస్తులు ఎక్కి వచ్చారు. పది నిమిషాలుగా నిలబడే మాట్లాడుతున్నారు. ఇంకా కుర్చీ దేనికమ్మా?" అన్నారాయన.

"ఇప్పుడు తిరగట్లేదండీ. తిరిగినప్పుడు కావాలి."

"అయితే తిరిగినప్పుడే వచ్చి అడగండి."

"అప్పుడు నడిచి రాలేనండీ."

"వచ్చి అడగనివాళ్ళకి నేనెలా ఇస్తానమ్మా?"

నేను లెక్కల మాస్టారిని. ఈ తర్కంలో తప్పు వెతికాను. దొరకలేదు.

సర్టిఫికెట్ తెమ్మన్నారు. తెచ్చింది. అందులో డాక్టర్ "అప్పుడప్పుడు" అని రాశాడు. "అప్పుడప్పుడు అనగా ఏయే పీరియడ్లు?" అని ఎర్ర సిరాతో అడిగి వెనక్కి పంపారు. టైమ్‌టేబుల్ ప్రకారం కళ్ళు తిరిగే ఏర్పాటు మా అక్క చేసుకోలేకపోయింది.

స్టాఫ్‌రూమ్ తన వంతు సహకరించింది. "టీచర్‌గారూ, ఆ నీళ్ళు తోడేయడానికి ఓ మోటారు పెట్టించకూడదూ?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"మోటారు బానే ఉంది మాస్టారూ. తూమే పూడింది" అంది అక్క. అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ నాతో అంది: "ఒరే, పిల్లలకి చెప్పేశాను. నేను గోడ పట్టుకుని ఆగిపోతే కంగారుపడొద్దు, చప్పుడు చేయొద్దు, మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి, తగ్గిపోతుంది అని. నిన్న నూట నలభై దాకా వెళ్ళారట."

"పరీక్షలయ్యేదాకా ఓర్చుకో అక్కా. ఇప్పుడు గొడవెందుకు?" అన్నాను.

అదీ నేను చేసిన సాయం. నాలాంటివాళ్ళే లేకపోతే యాజమాన్యాలు ఇంకా ఎన్ని కెమెరాలు కొనాల్సి వచ్చేదో.

పరీక్షలకు పదకొండు రోజులుందనగా, మూడో పీరియడ్‌లో, బోర్డు కింది అరుగు అంచు నుంచి ఆమె పడిపోయింది. తల గచ్చుకు తగిలింది. పిల్లలు చెప్పిన మాట వినే పిల్లలు. చప్పుడు చేయలేదు. లెక్కపెట్టారు. మూడు వందలు దాటాక గానీ ఎవరూ బెంచీ మీంచి లేవలేదు. కెమెరా మాత్రం తన పని చక్కగా చేసింది.

ఆస్పత్రిలో రెండు రోజులుంది.

సంతాప సభ ఏడో తరగతి గదిలోనే పెట్టారు. ఫొటో ఎక్కడ ఉంచాలన్న సమస్య వచ్చింది. గోడకు మేకు లేదు. నేల మీద పెడితే బాగుండదన్నారు. కరస్పాండెంట్‌గారు తన గదిలోంచి కుర్చీ తెప్పించారు. మెత్త ఉన్న కుర్చీ. ఎవరూ అర్జీ పెట్టలేదు. సర్టిఫికెట్ అడగలేదు. ఏ పీరియడ్ అనలేదు. అయిదు నిమిషాల్లో వచ్చింది.

అక్కను అందులో కూర్చోబెట్టారు. మేమంతా రెండు నిమిషాలు నిలబడ్డాం.

సభ అయ్యాక ఫొటో నా చేతికిచ్చి కుర్చీని పైకి మోసుకుపోయారు. తర్వాతి పీరియడ్ లెక్కలు. నాదే.

నిలబడే చెప్పాను.