ఆరు పలకల పడవ

నాకున్నది ఒకటే నాలుక, దాని మీద ఒకటే మాట. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఈ సముద్రపు పాయ, మా ఫ్యోర్డు, ఒడ్డున ఎవరినైనా అడగండి, షూర్ చెప్పాడంటే కొండ కదలాలి తప్ప మాట కదలదంటారు. మా ఆవిడ బోర్గిల్‌ని మాత్రం అడక్కండి. ఆవిడకి జ్ఞాపకశక్తి ఎక్కువ.

మా మామగారు పోతూ పోతూ రగ్నా అనే తన పడవని కూతురికీ కొడుక్కీ కలిపి ఇచ్చారు. ఒక వేసవి మాకు, ఒక వేసవి బావమరిది తోర్లైవ్‌కి. చలికాలాలు మాత్రం మా పాకలోనే. పక్కకి మూడేసి చొప్పున ఆరు పలకలు, అడుగున ఒక దూలం, లోపల కొన్ని వంపు కర్రలు. అంతే పడవ. నీళ్ళ మీద పెడితే మాత్రం బాతులు సిగ్గుపడి ఒడ్డెక్కేవి.

దాన్ని తోర్లైవ్‌కి అప్పగించడమంటే నాకు పన్ను పీకించుకున్నట్టుండేది. వాడు అందులో చేపలు పట్టడు. బంగాళాదుంపలు మోస్తాడు.

అందుకని ఒక ఉపాయం పన్నాను. ప్రతి చలికాలం ఒక పలక మెత్తబడిందని ప్రకటించేవాణ్ణి. పలక ఇనుములా ఉండేది, అది వేరే సంగతి. దాన్ని ఊడదీసి, నేను కోసిన పైన్ పలక పెట్టి, బెర్గెన్ పట్నం నుంచి తెప్పించిన రాగి మేకులు దిగ్గొట్టి, తారు పూసేవాణ్ణి. పాతది పొయ్యిలోకి పనికొస్తుందని బోర్గిల్ చేతికిచ్చేవాణ్ణి. ఎనిమిది చలికాలాలకి పలకలూ దూలమూ కర్రలూ అన్నీ నావే అయ్యాయి.

కిందటి వసంతంలో తోర్లైవ్ తన వంతుకి వచ్చాడు. ఇది మామగారి పడవ కాదని చెప్పాను. ఆయన నాటి చెక్క ఒక్కటి చూపించి తీసుకుపొమ్మన్నాను. వాడు చుట్టూ రెండుసార్లు తిరిగి, కిందికి దూరి చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

బోర్గిల్ కాఫీ పోస్తూ అడిగింది.

"ఏ పలక దగ్గర ఇది నీదయింది?"

"నాలుగోది. సగం దాటింది కదా."

"అంటే నాలుగో పలకకి మొదటి మేకు కొట్టేటప్పుడు నాన్నది, ఆఖరి మేకుకి నీది."

"అంత కచ్చితంగా ఎవరు చూశారు?"

"మధ్యలో నువ్వు కాఫీకి లోపలికొచ్చావు. అప్పుడెవరిది?"

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న వారం రోజులు నన్ను అన్నం తిననివ్వలేదు. పాకలోకి వెళ్ళి ఆ నాలుగో పలకనే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇన్నేళ్ళలో కత్తిరించిన గోళ్ళూ, రాలిన జుట్టూ, తిన్న చేపలూ తలుచుకుంటే పెళ్ళినాటి షూర్‌ని నేనేనా అనిపించింది. ఆ మాటే ఆవిడతో అంటే, అయితే ఇంతకాలం పరాయి మగాడి చేపలు తోమానన్నమాట అంది.

మధ్యవేసవి పండక్కి మా ఒడ్డున తాతల నాటి పడవలకి పందెం పెడతారు. గెలిచినవాళ్ళకి ఎండబెట్టిన గొర్రె తొడ. పేర్లు రాసేది చర్చిలో గంట కొట్టే ఓస్మున్. మేం కొలబద్ద ఓస్మున్ అంటాం, పెళ్ళిచూపుల్లో పిల్లని కూడా కొలిచాడని. పడవలో కూర్చున్న నన్ను దాని వయసెంతని అడిగాడు.

"ఎనభై నాలుగేళ్ళు," అన్నాను. "మా మామగారి తండ్రి కట్టింది."

కొండ కదల్లేదు, మాటే కదిలింది. ఆ తొడ అలాంటిది మరి.

వెనక ఎవరో నవ్వారు. తిరిగి చూస్తే ఇంకో రగ్నా ఒడ్డుకి వస్తోంది. నేను ఊడదీసిన ఆరు పలకలూ, అదే దూలం, అవే వంపు కర్రలు. ఒక జత తెడ్లు తోర్లైవ్ చేతిలో, ఒక జత బోర్గిల్ చేతిలో. నేను పొయ్యిలోకి పోయిందనుకున్నదంతా ఆవిడ పశువుల కొట్టం అటక మీద దాచింది. వసంతంలో వాడు వెళ్ళిపోయినప్పట్నుంచి రెండు నెలలూ తోర్లైవ్ ఇంటి వెనక అక్కాతమ్ముళ్ళు కూర్చుని పడవ బిగించారు. నేనేమో ఉన్ని వడకడానికి వెళ్తోందనుకున్నాను.

ఓస్మున్ కొలబద్ద కింద పెట్టేశాడు. చెక్కల్ని బట్టి చూస్తే అదే రగ్నా. ఏ వేసవీ మానకుండా నీళ్ళ మీద తిరిగినదాన్ని బట్టి చూస్తే ఇదే రగ్నా. ఒకే పడవ ఒకే పూట రెండుచోట్ల ఉండటం బైబిల్లో కూడా చదవలేదన్నాడు.

"మా ఆయన్నే అడుగుదాం," అంది బోర్గిల్. "షూర్, నీ కింద ఉన్నది నాన్న పడవేనా?"

కాదంటే పందెం లేదు. అవునంటే ఈ వేసవి తోర్లైవ్‌ది. నేను తొడ వంక చూశాను.

"అవును."

"విన్నావుగా తమ్ముడూ. పందెం అవగానే తీసుకుపో."

"దుంపలు జాగ్రత్తగా వేస్తాలే బావా," అన్నాడు తోర్లైవ్.

"మరి అదెవరిది?" అని వాళ్ళ పడవ చూపించాను.

"ఇదా? నువ్వు నా పొయ్యిలోకిచ్చిన కట్టెలు," అంది బోర్గిల్. "నావి."

ఓస్మున్ రెండింటినీ పందెంలోకి రానిచ్చాడు. సగం దూరం వెళ్ళాక వాళ్ళ పలకల సందుల్లోంచి నీళ్ళు చిమ్మాయి. బోర్గిల్ టోపీతో తోడింది, తోర్లైవ్ బూటుతో తోడాడు, పడవ మునుగుతోంది. నేను గెలిచే పందెం వదులుకుని వెనక్కి తిప్పి, ఇద్దర్నీ నా పడవలోకి లాక్కున్నాను. అందుకే ఓడిపోయాను.

మా ఒడ్డున మాత్రం ఈ సంగతి ఎత్తకండి. మిగతాదంతా జరిగిందే, ఆ మునగడం ఒక్కటే నేను కల్పించింది. వాళ్ళ పడవలో చుక్క నీరు కారలేదు. నేను ఆయాసపడుతూ ఒడ్డు చేరేసరికి వాళ్ళు గెలిచిన తొడని కోసి పంచిపెట్టేస్తున్నారు. చేతికి అందిందాన్ని ఇంకా తొడ అనాలా, ఇక ఎముక అనాలా అని నేనూ ఓస్మున్ చాలాసేపు చూశాం.