ట్యాంకుకు పెట్టిన ఆక్సిజన్

ఆ ఉదయం ప్రసన్నకుమార్ పెట్టుకున్న పని చిన్నదే. ఆత్మకూరు నుంచి ఆటోలో ఆక్సిజన్ సిలిండర్ తెప్పించి, ఇంటి వెనక షెడ్డులోని నేరేడు వైన్ ట్యాంకుకు సన్నటి గొట్టంతో తగిలించాడు. బుడగలు ఉన్నాయా లేవా అన్నంత మెల్లగా అడుగు నుంచి పైకొస్తే వైన్‌లో వగరు విరుగుతుంది. ఎక్కువైతే ట్యాంకంతా వెనిగరే. ఉదయగిరి దారిలోని తోట మొత్తం ఆ ట్యాంకు మీదే ఆధారపడి ఉంది. "ఈసారి గూడా నోట్లో పెట్టుకోలేకుండా ఉంటే నేరేడు చెట్లన్నీ కొట్టించి నిమ్మ పెడతా," అని తండ్రి చెంచురామయ్య తేల్చేశాడు. ఆయన అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు.

సిలిండర్ దిగడం ఊరు చూసింది. కరోనాను దాటొచ్చిన ఊరది, సిలిండర్ ఎవరింటి ముందు దిగితే ఆ ఇంటి పెద్దాయన పని అయిపోయినట్టే లెక్క. ఎవరికని అడగడం మర్యాద కాదు గనుక ఎవరూ అడగలేదు. కాసేపట్లోనే వాకిలి నిండిపోయింది.

"నాయన బాగుండాడు. షెడ్డులో చల్లగా ఉండాదని పడుకోనుండాడు," అన్నాడు ప్రసన్నకుమార్.

"అట్నే అనుకోవాల నాయనా. ధైర్యంగా ఉండు," అని పక్కింటి వెంగయ్య వీపు నిమిరాడు.

ఇంతలో అనంతసాగరం నుంచి మేనత్త మాలకొండమ్మ దిగింది. ఎవరినీ పలకరించకుండా దొడ్డిదారిన షెడ్డులోకి పోయింది. ట్యాంకు పక్కన మంచం మీద అన్న కళ్లు మూసుకొని ఉన్నాడు, తలాపున సిలిండర్. గొట్టం ఎక్కడికి పోయిందో ఆమె చూడలేదు. మీటరు ముల్లు సున్నాను వదలకపోవడం మాత్రం చూసింది.

"కన్నతండ్రికి పెట్టే గాల్లో గూడా పిసినారితనమా," అంటూ వాల్వు ఆఖరిదాకా తిప్పేసింది. ట్యాంకులో గుడగుడలు మొదలయ్యాయి. అది అన్న గొంతులో గురక అనుకొని గుండెలు బాదుకుంది.

వాకిట్లోవాళ్లకు ఆ ఏడుపు వినబడింది. ప్రసన్నకుమార్ లేవబోతే నలుగురు పట్టుకొని కూర్చోబెట్టారు. "ఇప్పుడు లోపలికి పోబాకు. నువ్వు చూడలేవు," అన్నాడు వెంగయ్య. కొందరు అప్పుడే చడీచప్పుడు లేకుండా లేచిపోతున్నారు. చావింటి నుంచి పోయేటప్పుడు పోయొస్తామని చెప్పరు కదా.

చాలాసేపటికి, ఆ ఏడుపులకే నిద్ర చెడి చెంచురామయ్య గుమ్మంలోకి వచ్చాడు. "నేను బతికే ఉండాను. పోయేవాళ్లు పోయొస్తామని చెప్పి పోండి," అన్నాడు. అందరూ తలలొంచుకొని చెప్పారు.

"నేను వాల్వు తిప్పబట్టే లేచినాడు," అంది వెనకే వచ్చిన మాలకొండమ్మ.

ప్రసన్నకుమార్ చేతులు విడిపించుకొని పరుగెత్తాడు. అప్పటికే సిలిండర్ ఖాళీ.

మూడోనాడు, చచ్చి బతికిన మనిషిని చూడ్డానికి వాళ్లంతా మళ్లీ వచ్చారు. చెంచురామయ్య వాళ్ల ముందే గ్లాసులో వైన్ పట్టించి ఒక గుక్క తాగి, బయటికెళ్లి ఉమ్మేసొచ్చాడు. "రేపు చెట్లు కొట్టేవాళ్లని రమ్మను," అన్నాడు కొడుకుతో. ఆ చెట్లకు బిందెలతో నీళ్లు మోసి పెంచిన ప్రసన్నకుమార్ అందరి ముందే ఏడ్చాడు.

వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ఈసారి పోయొస్తామని ఎవరూ అనలేదు, అనమని చెంచురామయ్య కూడా అడగలేదు.