నవ్వడానికి వెళ్ళిన అత్తగారు

ఆ శనివారం పొద్దున అత్తగారు పెట్టుకున్న పని ఒక్కటే. ఇంట్లో దిండ్లన్నీ రాళ్ళలా గట్టిపడ్డాయి. వాటి కుట్లు విప్పి, దూది మేడమీద ఎండబోసి, సాయంత్రానికి మళ్ళీ కూరి కుట్టేయాలి. మొదటి దిండు విప్పి రెండోదాని మీద కత్తెర పెట్టారో లేదో, అల్లుడు మెట్లెక్కి వచ్చి పిట్టగోడ పక్కన నిలబడ్డాడు. ఏ అవసరం వచ్చినా భార్య చేత చెప్పించడమే తప్ప ఆవిడని ఎదురుగా అడిగే మనిషి కాదు అతను. ఆవిడ చేతులకంటిన దూది దులుపుకుని గబగబా లేచారు.

"అత్తయ్యా, మీరొక సాయం చేయాలి."

"చెప్పండి బాబూ."

"మా హాలుకొచ్చి కాస్త నవ్వాలి."

ఆవిడ కాసేపు ఆలోచించి, "ఎంతసేపు?" అన్నారు.

అల్లుడు ఒక పాత సినిమా హాలుకి మేనేజరు. ఆ హాలుని పరుపుల గోడౌనుకి అద్దెకిమ్మని ఒక పరుపుల వ్యాపారి యజమాని చుట్టూ తిరుగుతున్నాడు. ఒక్క సినిమా ఆడించి చూపిస్తానని అల్లుడు బతిమాలి, ఏరికోరి ఒక హాస్యచిత్రం తెచ్చాడు. అందులో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణంలో పనిచేసే ఒక పిల్ల, చొక్కాల మీది మరకలు చూసి మనుషుల గుట్టు పట్టేయగలననుకుని, డిటెక్టివు కావాలని కలలు కంటుంది. ఆ పిల్ల పట్టుకున్న పనల్లా తలకిందులవుతుంది. ఖాళీ హాల్లో ఒక్కడూ కూర్చుని ఆ సినిమా చూసి అల్లుడు కడుపు పట్టుకుని నవ్వాడు. కానీ నిన్న మొదటిరోజు వచ్చిన జనం, ముందు ఎవరు నవ్వుతారా అని ఒకరి మొహాలొకరు చూసుకుని, బడిపిల్లల్లా బుద్ధిగా కూర్చుని, బుద్ధిగా వెళ్ళిపోయారు.

సినిమా ఎలా ఉందో తేల్చుకోవడానికి యజమానికి ఒక పద్ధతి ఉంది. ఆయన పత్రికలు నమ్మడు. మొహం మీద అడిగితే అందరూ బాగుందనే అంటారని, జనం అభిప్రాయాలూ నమ్మడు. ఆట విడిచే వేళకి వెళ్ళి స్కూటర్ల స్టాండు పక్కన నిలబడతాడు. బయటికొచ్చినవాళ్ళు వచ్చినట్టే బండ్లు తీసేస్తే సినిమా పోయినట్టు. బండి దగ్గర నిలబడి మాట్లాడుకుంటే ఆడుతున్నట్టు. నిన్న బండ్లన్నీ ఇంటికి నిప్పంటుకుందన్నట్టు ఒక్కసారిగా వెళ్ళిపోయాయి. ఇవాళ మధ్యాహ్నం ఆట తర్వాత కూడా అదే చప్పుడు వింటే, రేపటినుంచి హాల్లో పరుపులేనని ఆయన చెప్పేశాడు. పరుపులకి మేనేజరు అక్కర్లేదు.

అల్లుడు రాత్రంతా నిద్రపట్టక దొర్లుతుంటే, తెల్లారుతుండగా అత్తగారి నవ్వు గుర్తొచ్చింది. ఆ నవ్వు మామూలు నవ్వు కాదు. ఎక్కిళ్ళలా మొదలై, పాలు పొంగినట్టు పొంగి, గదిలో ఉన్నవాళ్ళందరినీ తడిపేస్తుంది. ఎందుకో తెలియకుండానే అందరూ నవ్వుతారు. అయితే ఆవిడ నవ్వడం అరుదు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి నవ్వితే, భర్త అన్నగారు పిలిచి "నవ్వు నాలుగు విధాల చేటమ్మా" అన్నాడు. ఆ నాలుగూ ఏవో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. అప్పటినుంచి నవ్వొచ్చినప్పుడల్లా అరచేయి నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. నవ్వమని ఒకరు వచ్చి అడగడం ఇన్నేళ్ళలో ఇదే మొదలు.

కాబట్టి ఆవిడ ఆ పనిని చాలా శ్రద్ధగా తీసుకున్నారు. కథంతా అడిగి తెలుసుకున్నారు. చివరికి ఆ పిల్లకి ఏమవుతుంది బాబూ అని కూడా అడిగారు. అల్లుడు నవ్వి, అది ముందే చెప్పేస్తే మజా ఉండదన్నాడు. జరిగినదానికంతటికీ ఆ ఒక్క మాటే మూలం.

మధ్యాహ్నం అత్తగారు, కూతురు హాలు నడిమధ్య కూర్చున్నారు. జనం సగానికి కాస్త ఎక్కువే ఉన్నారు. పరుపుల వ్యాపారి కూడా కొలతల టేపు పట్టుకుని వచ్చి, నడిచే దారి వెడల్పు కొలుస్తుండగా దీపాలారిపోయాయి. చీకట్లో కదల్లేక దొరికిన కుర్చీలో కూలబడ్డాడు.

మొదటి కొద్దిసేపూ బాగానే గడిచింది. తర్వాత గంజి తొట్టి సన్నివేశం వచ్చింది. ఆ పిల్ల ఒక అనుమానితుడి వెనకాల నక్కుతూ వెళ్ళి, కాలు జారి గంజి తొట్టిలో పడి, వణుకుతూ లేచి, గాలికి గంజి గట్టిపడి, చీపురుకట్టలా బిగుసుకుపోయి నడుస్తుంది. అల్లుడు కడుపు పట్టుకున్నది అక్కడే. తలుపు సందులోంచి అత్తగారి వైపే చూస్తూ ఊపిరి బిగబట్టాడు. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అత్తగారి గొంతు వినిపించింది.

"అయ్యో తల్లీ, చలి చేస్తుందే నీకు. ఎవరైనా ఒక తువ్వాలు ఇవ్వండర్రా."

ఆవిడ నవ్వు అంటుకుంటుందని అల్లుడికి తెలుసు. గొంతు కూడా అంటుకుంటుందని తెలియదు. ముందు వరసలో ఒకావిడ "పాపం" అంది. ఆ పక్కావిడ ముక్కు చీదింది. బాగా చదువుకున్నట్టున్న ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆ పిల్ల పెట్టుడు మీసం ఊడిపోయినా, ఒకరనుకుని ఇంకొకర్ని పట్టుకుని చీవాట్లు తిన్నా, మాసిన బట్టల బుట్టలో దాక్కుంటే ఆ బుట్టని బండిలో ఎక్కించుకుని ఎవరింటికో తీసుకెళ్ళినా, హాలంతా నిట్టూర్చింది. విశ్రాంతి వేళకి దీపాలు వెలిగేసరికి సగం మంది కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అత్తగారిని పట్టుకుని ఇదేమిటని అడిగే ధైర్యం అల్లుడికి లేదు. భార్యని పక్కకి పిలిచి గోడకేసి తల కొట్టుకున్నంత పనిచేశాడు. కూతురు తల్లి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, నిన్ను నవ్వమని కదా తీసుకొచ్చింది."

"నవ్వుదామనే కూర్చున్నానే. ఆ పిల్ల నవ్వనిస్తేగా."

"అది వేషమే అమ్మా. నిజంగా పడలేదు."

"తొట్టి నిజం కాదూ? గంజి నిజం కాదూ?"

కూతురు ఆ వాదన వదిలేసింది. ఆయన ఉద్యోగం ఈ ఆట మీదే ఉందని మాత్రం గుర్తుచేసింది. అత్తగారికి అప్పుడు చాలా బాధ కలిగింది. ఒక్క పని అప్పజెప్పితే అదీ చేయలేకపోయాను కదా అనుకుని, ఈసారి ఎలాగైనా నవ్వాలని గట్టిగా నిశ్చయించుకుని కుర్చీలో సర్దుకున్నారు.

రెండో సగం మొదలైన కాసేపటికి ఆ పిల్ల మేనమామ వచ్చాడు. తెర మీద దీపాల వెలుగు తగ్గింది. వెనకనుంచి వయొలిన్ మోగింది. సినిమా మొత్తంలో జనాన్ని ఏడిపించడానికి పెట్టిన సన్నివేశం అదొక్కటే. మేనమామ మేనకోడలి తలమీద చేయి వేసి, ఆడపిల్ల అడుగు వినపడకూడదని, మాట వినపడకూడదని, నవ్వు అసలే వినపడకూడదని గద్గద స్వరంతో బుద్ధి చెప్పడం మొదలుపెట్టాడు.

అత్తగారికి ఎదురుగా తెర కనిపించలేదు. భర్త అన్నగారు కనిపించాడు. అదే మెడ, అదే గొంతు, మాటమాటకీ అదే కనుబొమలెత్తడం. అలవాటు ప్రకారం అరచేయి నోటి దాకా వెళ్ళింది. నవ్వు అంతకన్నా ముందే బయటపడింది. ఇన్నేళ్ళుగా దాచిపెట్టిన నవ్వు కాబోలు, ఒక పట్టాన ఆగలేదు. వెనక వరసలో ఆడవాళ్ళు అందుకున్నారు. మగవాళ్ళు ఎందుకో తెలియకుండానే అందుకున్నారు. మేనమామ కంట తడి పెట్టుకునేసరికి హాలు పైకప్పు లేచిపోయేలా ఉంది. అక్కడినుంచి ఆ పెద్దమనిషి నోరు తెరిస్తే చాలు నవ్వే, చివరికి మంచినీళ్ళు తాగినా నవ్వే.

యజమాని తన గదిలో గోడకి చెవి పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన సినిమా ముందే చూశాడు. నవ్వాల్సిన చోట ముక్కు చీదడం, ఏడవాల్సిన చోట పకపకలు వినపడేసరికి, ఆపరేటరు రీళ్ళు తారుమారు చేశాడని ఖాయం చేసుకున్నాడు. మెట్లెక్కి వెళ్ళి యంత్రం ఆపమన్నాడు. పనిలో ఎన్నడూ మాట పడని ఆపరేటరు, రీళ్ళు వరసలోనే ఉన్నాయని, కావాలంటే దించి చూసుకోమని యంత్రం ఆపేసి చేతులు కట్టుకున్నాడు.

తెర నల్లబడింది. సరిగ్గా అంతకుముందే ఆ పిల్ల మళ్ళీ బుట్టలో దూరింది, అసలు దొంగ ఆ బుట్ట మీదే వచ్చి కూర్చున్నాడు. హాల్లో గోల మొదలైంది. "బుట్టలో పిల్లకి ఊపిరాడదు, ముందు సినిమా వేయండి" అని అందరికన్నా గట్టిగా అరిచింది పరుపుల వ్యాపారి. రీళ్ళు వరసలోనే ఉన్నాయని తేలాక మళ్ళీ ఆట మొదలైంది. ఆ పిల్ల బుట్టలోంచి లేచి, దొంగ చొక్కా మీది మరక చూపించి, అతన్ని పట్టించింది. అత్తగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చూసి హాలంతా లేచింది.

అల్లుడు అదేమీ చూడలేదు. ఏడవాల్సిన చోట పకపకలు మొదలైనప్పుడే టికెట్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. సొరుగులోని తన దువ్వెన, గొడుగు, టీ గ్లాసు ఒక సంచిలో సర్దుకుని, బండ్ల చప్పుడు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

స్టాండు దగ్గర ఒక భార్యాభర్తల స్కూటరు అన్నిటికన్నా ముందుంది. భర్త బండెక్కి, గంజి తొట్టి భలే ఉందని ఊరుకోలేక అన్నాడు. భార్య బండెక్కలేదు.

"వణికిపోతున్న పిల్లని చూసి ముసిముసిగా నవ్వారు మీరు. నేను చూశాను."

"అది నవ్వడానికే పెట్టారే."

"రేపు నేను పడినా నవ్వుతారు."

"నువ్వు గంజి తొట్టిలో ఎందుకు పడతావు?"

"పడితే?"

అంతలో వెనకున్నవాళ్ళు వచ్చారు. వాళ్ళ బండ్లకి దారి లేదు కాబట్టి పంచాయితీలో దిగారు. ఇది ఏడుపు సినిమా, హాస్యమని రాయడం మోసమని ఒక పెద్దాయన కర్ర నేలకి కొట్టాడు. అంత నవ్వించిన మేనమామని చూశాక కూడా అలా ఎలా అంటారని ఇద్దరు కాలేజీ పిల్లలు ఆయన్ని నిలదీశారు. ఆ నటుడికి హాస్యం పుట్టుకతోనే వచ్చిందని ఒకావిడ తీర్పు చెప్పింది. తరువాతి ఆటకి వచ్చినవాళ్ళు రోడ్డు మీదే ఆగిపోయి, ఇంతకీ నవ్వుకి సిద్ధపడాలా, ఏడుపుకి సిద్ధపడాలా అని అడిగారు. ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. తేల్చుకుందామని వాళ్ళు టికెట్ల కిటికీ ముందు వరసకట్టారు.

ఆ వరసని తోసుకుంటూ యజమాని వచ్చి తలుపు కొట్టాడు. అల్లుడు సంచి పట్టుకునే తలుపు తీశాడు.

"ఒక్క బండి కదల్లేదయ్యా," అన్నాడు యజమాని.

అల్లుడు నిజాయితీ గల మనిషి. "ముందు ఒక బండి అడ్డంగా ఉందండీ, అందుకని..." అన్నాడు.

"అడ్డంగా ఉన్నది బండి కాదు, అది ఎక్కనని వాదిస్తున్న అతని పెళ్ళాం. జనం ఇలా వాదించుకునే సినిమా నా చేతికొచ్చి ఎన్నాళ్ళైంది. ఆ సంచి లోపల పెట్టి టికెట్లు ఇవ్వు."

పరుపుల వ్యాపారి కళ్ళు తుడుచుకుంటూ అటే వచ్చాడు. హాలు పొడవు కొలవడం మర్చిపోయానని, రేపు మళ్ళీ ఇదే ఆటకి వచ్చి కొలుచుకుంటానని చెప్పి వెళ్ళాడు.

జరిగింది మంచికో చెడ్డకో అత్తగారికి అర్థం కాలేదు. అప్పజెప్పిన పని చెడగొట్టానన్న దిగులు మాత్రం ఇంటికొచ్చినా వదల్లేదు. మర్నాడు ఎవరూ పిలవకుండానే, దూది సంగతి మర్చిపోయి, తన టికెట్టు తనే కొనుక్కుని వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నారు.

ఈసారి ఆ పిల్ల గంజి తొట్టి వైపు నడుస్తుండగానే ఆవిడ నవ్వు మొదలైంది. తొట్టిలో పడేసరికి హాలంతా పడిపడి నవ్వింది. బయటికొచ్చిన జనం కడుపులు పట్టుకుని, ఇంత నవ్వించే సినిమా చూసి ఏడ్చారట, నిన్న వచ్చినవాళ్ళకి మతి ఉందా అన్నారు. నిన్న వచ్చినవాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చి అక్కడే ఉన్నారు. ఆ సాయంత్రం స్టాండులో బండ్లు తీయించడానికి యజమానే దిగాల్సి వచ్చింది.

అల్లుడు ఉండబట్టలేక రెండోసారి అత్తగారితో ఎదురుగా మాట్లాడాడు. నిన్న ఏడ్చినచోటే ఇవాళ ఎలా నవ్వారని అడిగాడు.

"నిన్న ఆ పిల్లకి ఏమవుతుందో నాకు తెలియదు కదా బాబూ. గట్టెక్కుతుందని తెలిశాక నవ్వడానికేముంది," అన్నారావిడ, నోటికి చేయి అడ్డం పెట్టుకోకుండా.

సోమవారం యజమాని స్వయంగా ఇంటికొచ్చి, ఈ రోజు కూడా దయచేయమని, నవ్వినా ఏడ్చినా తమ ఇష్టమేనని చెప్పాడు. రెండు రోజులుగా మేడమీద గాలికి పోతున్న దూది ఏరుకుంటున్న అత్తగారు, చేతిలో పని ముగించుకుని వస్తానన్నారు.

ఆ రోజు ఆట ఆలస్యంగా మొదలైంది. వేళకి అత్తగారికి ఇంకా ఒక దిండు కుట్టడం మిగిలే ఉంది మరి.