గులాబీకి కావలసిన పనిముట్లు

పూల అలంకరణలో ఓనమాలు దిద్దేవారికి అత్యవసరమైన పనిముట్లన్నీ మూడో అంతస్తులోని చిన్నకోడలు సమకూర్చుకున్నదని ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయడమైనది. ఇక సమకూర్చుకోవలసింది పువ్వు ఒక్కటే. అదేమంత పెద్ద విషయం కాదు గనుక ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

ఇదంతా మామగారి గులాబీ దగ్గర మొదలైంది. ఆయన ఉద్యోగమంతా కాగితాల మీద ముద్రలు కొట్టి, ఇక ముద్ర దించే రోజుకి వచ్చిన మనిషి. పేకాట లేదు, పొగ లేదు. ఉన్నదల్లా బాల్కనీలో పగిలిన బకెట్టు, అందులో ఒక గులాబీ మొక్క. అది మహా పెంకిది. నీళ్లు పోస్తే అలుగుతుంది, పోయకపోతే వాడుతుంది, ఎప్పుడో బుద్ధి పుడితే ఒక మొగ్గ తొడుగుతుంది. అలాంటిది ఈసారి సరిగ్గా ఆయన ఉద్యోగ విరమణ విందు నాటికి విచ్చుకునేలా ఒకే ఒక్క మొగ్గ వేసింది. ఆయన మురిసిపోయి ఇంటిల్లిపాదినీ పిలిచి చెప్పారు.

"నాకు గోడ గడియారాలొద్దు, పెట్టెలూ పెన్నులూ వద్దు. ఆ రోజు నా ముందు బల్ల మీద నా గులాబీ ఉండాలి. అంతే."

"అదెంత పని మామయ్యగారూ, గ్లాసులో నీళ్లు పోసి పెట్టేస్తాను" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు ఉలిక్కిపడింది. వంటలో మెప్పు పెద్దకోడలికే, కుట్టుపనిలో మెప్పు పెద్దకోడలికే. గులాబీ కూడా అటే పోతే ఇక ఈ ఇంట్లో తనకు మిగిలేదేమిటి?

"గ్లాసులోనా! నలుగురూ ఏమనుకుంటారక్కా? నేను పద్ధతిగా నేర్చుకుని పెడతాను. గులాబీకి నాదీ పూచీ" అనేసింది. నోరు జారితే తీసుకోలేమంటారు పెద్దలు. ఆ మాట అక్షరాలా నిజమని తర్వాత రుజువైంది.

పక్కవీధిలో పూలమేడమ్ నడిపే శిక్షణ తరగతి మహా క్రమశిక్షణ గలది. అక్కడ పువ్వులకు ప్రవేశం లేదు. పసరు అంటితే కత్తెర పాడవుతుంది, పుప్పొడికి మేడమ్‌గారికి తుమ్ములొస్తాయి. మొదటిరోజే ఆవిడ బల్ల చరిచి ఉపన్యసించారు.

"పువ్వు ఇవాళ ఉంటుంది, రేపు వాడిపోతుంది. కత్తెర వాడుతుందా? వాడదు! మరి కళాకారులు దేన్ని నమ్ముకోవాలి?"

"కత్తెరని!" అన్నారు విద్యార్థినులు ముక్తకంఠంతో.

ఆ తర్వాత పాఠాలు వేగంగా సాగాయి. కత్తెర పట్టుకోవడం, కత్తెర కింద పెట్టడం, కత్తెరకేసి ఆలోచనగా చూడడం. కొమ్మలు కోసే కత్తెర వేరు, రిబ్బను కోసే కత్తెర వేరు, ఈ రెంటినీ కలిపి ఉంచకూడదు గనుక రెండు సంచులు. కాడలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజి, కాడలు నిలబెట్టే మేకుల దిమ్మ, ముళ్లు దువ్వే పట్టకారు, కాడలోకి ఎక్కించే సన్న తీగ, తీగ కనబడకుండా చుట్టే టేపు, టేపు కనబడకుండా కట్టే రిబ్బను. చల్లడానికి స్ప్రే సీసా, తిప్పి చూడడానికి తిరుగుడు పీట. అభ్యాసానికి మాత్రం జ్యూసు తాగే గొట్టాలు.

ఇంట్లో భోజనాల బల్ల మీద పనిముట్లు కొలువుతీరాయి. ఇంటిల్లిపాదీ కంచాలు చేత్తో పట్టుకుని నిలబడి తినడం అలవాటు చేసుకున్నారు. అత్తగారు ఒక్కరే కాస్త వెనకబడిన మనిషి.

"ఏమే, ఈ మేకుల దిమ్మ మీద సబ్బు భలే ఆరుతోందే!"

"అయ్యో అత్తయ్యా! అది సబ్బుకి కాదు, పువ్వులకి."

"పువ్వులేవే మరి?"

"ఇంకా పనిముట్ల దగ్గరే ఉన్నామత్తయ్యా."

అత్తగారికి జ్ఞానోదయమైంది. మర్నాటి నుంచి తనకూ జేబులున్న ఏప్రాన్ ఒకటి కావాలని గొణగడం మొదలుపెట్టారు. మనిషన్నాక మారకుండా ఉంటుందా?

విందు రోజు రానే వచ్చింది. గులాబీ విచ్చింది. అబ్బ, ఏం విచ్చిందని! మామగారు దాన్ని కళ్లారా చూసుకుని స్నానానికి వెళ్లారు. చిన్నకోడలు కత్తెర తీసి, మూరెడు కాడతో కోసింది. ఇంతవరకు అంతా సవ్యమే.

పాఠం ప్రకారం కాడను ఏటవాలుగా కోయాలి. కోసింది. పీట మీద పెట్టి తిప్పి చూస్తే వాలు చాలలేదు. ఇంకోసారి కోసింది. ఈసారి వాలు ఎక్కువైంది. సరిచేసింది. పట్టకారుతో ముళ్లు దువ్వితే ముళ్లతో పాటు ఆకులూ, ఆకులతో పాటు తొక్కా వచ్చాయి. బోసిపోయిన ముక్క అందంగా లేదని మళ్లీ కోసింది. మూరెడు జానెడైంది, జానెడు బెత్తెడైంది, బెత్తెడు అంగుళమైంది. అంగుళంలోకి తీగ ఎక్కించబోతే గులాబీ ఒక్కసారి నిట్టూర్చినట్టయి, రేకులన్నీ బల్ల మీద రాలిపడ్డాయి.

బయట చుట్టాలు చెప్పులు విప్పుతున్న చప్పుడు. పెద్దకోడలు గుమ్మంలోంచి తొంగిచూసి, "గ్లాసు తెమ్మంటావా చెల్లీ?" అంది తేనె పూసిన గొంతుతో.

ఆ ఒక్క మాటతో చిన్నకోడలికి పౌరుషం పుట్టుకొచ్చింది. రేకుల్ని సంచిలోకి తోసింది. మేకుల దిమ్మ మీద కత్తెరలు విచ్చిన రెక్కల్లా నిలబెట్టింది. మధ్యలో పట్టకారు, చుట్టూ తీగ మెలికలు, కింద రిబ్బను. స్ప్రే సీసాతో నీళ్లు చల్లి తెచ్చి మామగారి ముందు పెట్టింది.

మామగారు అటూ ఇటూ చూశారు.

"నా గులాబీ ఏదమ్మా?"

చిన్నకోడలు నోరు తెరిచేలోపే, తను పట్టుబట్టి పిలిపించిన ముఖ్య అతిథి పూలమేడమ్ లేచి నిలబడ్డారు. "సోదర సోదరీమణులారా! వాడిపోని అలంకరణ! ముల్లు లేదు, పుప్పొడి లేదు, తుమ్ము లేదు. మా శిష్యురాలు పువ్వు అవసరాన్నే దాటి వెళ్లిపోయింది!"

చప్పట్లు మోగాయి. పెద్దకోడలు కూడా కొట్టింది, కొట్టక ఛస్తుందా? కత్తెర ఎక్కడ దొరుకుతుందని అందరూ అడిగారు. గులాబీ సంగతి ఎవరూ అడగలేదు. మామగారు మాత్రం చిన్నగా, "ఎన్నాళ్లో పెంచానండీ దాన్ని..." అన్నారు.

"అలాగా? ఏ పనిముట్లతో?" అన్నారు మేడమ్ ఆసక్తిగా.

"చెంచాతో."

ఎవరో చిన్నగా దగ్గారు. పెద్దాయన మీద జాలితో చుట్టాలు తలలు దించుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్లూ ఎంత మోటుగా బతికానని ఆ క్షణాన తెలిసొచ్చింది కాబోలు, మరి గులాబీ మాట ఎత్తలేదు.

ప్రస్తుతం మామగారు తోటపనిలో ఓనమాలు దిద్దేవారి శిక్షణలో ఉన్నారు. గునపం, బొరిగె, జల్లెడ, మట్టి తేమ చూసే మీటరు, మోకాళ్ల కింద వేసుకునే మెత్త అన్నీ అమరాయి. బాల్కనీలో కాలు పెట్టే చోటు లేక, అడ్డంగా ఉన్న పగిలిన బకెట్టును మొక్కతో సహా మెట్ల కింద పెట్టించారు. మామగారూ చిన్నకోడలూ ఇప్పుడు ఎంతో అన్యోన్యంగా, పక్కపక్కన కూర్చుని పనిముట్లు తుడుచుకుంటున్నారు.

ఇది చదివి నవ్వుకుంటున్నవారికి చిన్న మనవి. మీ పడకగదిలో వ్యాయామం సైకిలు మీద ఆరేసిన తువ్వాళ్లు ఎప్పుడో ఆరిపోయాయి. లేచి మడతపెట్టుకోండి.