తీతు మామ గొంతు చిక్కిపోయిన వైనం

శనివారం పొద్దున టిఫిన్ వేళకల్లా పాట పని ముగించేయాలని జాన్సన్ అనుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కిరాయి గది గోడలకు, బయటి చప్పుడు రాకుండా పాత పరుపులు బిగించి స్టూడియో నడుపుతున్నాడతను. ఎల్‌బీ నగర్ చర్చి వార్షికోత్సవం కోసం హెప్సిబా, ఆమె భర్త తీతు కలిసి పాడిన పాట అది. హెప్సిబాకు నచ్చితే వాళ్లమ్మాయి భావనతో తన పెళ్లి మాట ఎత్తాలని అతని ఆశ. ఆ ఆశతోనే, పిల్లనివ్వకముందే అత్తమ్మా, మామా అని పిలుస్తున్నాడు.

అంతలో భావన ఫోన్ చేసింది. "నువ్వు పంపిన పాట అమ్మ విన్నది. 'నేను పాడిన్నా, ఉత్తగ కూసున్ననా? అంత మీ నాయన గొంతే ఉన్నది' అంటున్నది."

జాన్సన్ పాట మళ్లీ పెట్టి విన్నాడు. నిజమే, తీతుది లారీ ఇంజన్ లాంటి గొంతు. అయితేనేం, గొంతులోని లావునూ సన్నాన్నీ విడివిడిగా పెంచి తగ్గించడానికి ఈక్వలైజర్ ఉండనే ఉంది. లావు తగ్గించాడు. హెప్సిబా గొంతు పైకి తేలింది గానీ, తీతుకు జలుబు చేసినట్టయింది. మామ నొచ్చుకుంటాడేమోనని సన్నం పెంచాడు. 'స' వచ్చిన ప్రతిచోటా కుక్కర్ కూత వేసింది. దాన్ని కోస్తే మాటలు ముద్దయ్యాయి. మధ్యలో పెంచితే ముక్కుతో పాడినట్టయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, మధ్యాహ్నానికి తీతు గొంతులో తీతు మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే ముగ్గురూ దిగారు. తప్పక వినిపించాడు.

"గీ పిల్లగాడెవడు?" అన్నాడు తీతు.

"మీరే మామా."

భావన తల వంచుకుంది. హెప్సిబా చెయ్యెత్తి, "బంద్ పెట్టు," అంది.

పెళ్లి ఆశ గంగలో కలిసిందనుకున్నాడు జాన్సన్. ఏడుపొక్కటే తక్కువ. "మీ గొంతు మంచిగ వినపడాలెనని అత్తమ్మా..."

"వినపడ్డది బిడ్డా. పెండ్లయిన కాడికెల్లి ఈయన పక్కకే నిలబడి పాడుతున్న. నా గొంతొక్కటే ఎన్నడు వినలే." ఆమె భర్త వైపు చూసింది. "నేను శ్రుతి తప్పినప్పుడల్లా ఈయనే తన గొంతుతోని కప్పుకుంటొస్తుండని ఇయ్యాల తెలిసింది. ముందు ఎట్లుండెనో అట్లనే పెట్టు."

"నేనేమన్న అన్ననా," అన్నాడు తీతు కిటికీలోంచి బయటికి చూస్తూ. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

జాన్సన్ పొద్దుటి నుంచి చేసిందంతా ఒక్క నొక్కుతో తీసేశాడు. హెప్సిబా చెప్పులేసుకుంటూ, "చర్చి అయినంక మీ అమ్మానాయనను ఇంటికి తోల్కరా," అంది.

ఆదివారం చర్చిలో పాట నిండా తీతు గొంతే వినపడ్డా, అందరూ హెప్సిబా గొంతును తెగ మెచ్చుకున్నారు. తీతు కూడా మెచ్చుకున్నాడు.