పిన్ని ఇక లేదు

ఆ ఆదివారం పళ్ళ డాక్టరుగారు పొద్దున్నే గడ్డం గీసుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, ఇల్లంతా రెండు చుట్లు తిరిగారు. ఇరవై రెండేళ్ళు ఎండనకా వాననకా తిరిగితే ఆయన చూసిన పక్షి జాతులు ఐదు వందలయ్యాయి. సాయంత్రం పక్షి మిత్రుల సంఘంలో సన్మానం.

కాఫీ సగంలో ఉండగా సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. కొత్త వర్గీకరణ వచ్చిందట. డాక్టరుగారు ముద్దుగా పెద్దమ్మ, పిన్ని అని పిలుచుకునే రెండు గుడ్లగూబలూ ఒకే జాతి అని శాస్త్రజ్ఞులు తేల్చేశారట. లెక్క నాలుగు వందల తొంభై తొమ్మిదికి దిగింది.

"అయితే పిన్ని ఇక లేదన్నమాట," అన్నారాయన నీరసంగా. "ఇప్పుడే ఎవరికీ చెప్పకండి. సాయంత్రంలోగా నేను చూసుకుంటాను."

ఒక్క కొత్త పిట్టయినా కనబడకపోతుందా అని, బైనాక్యులర్స్ మెళ్ళో వేసుకుని చెరువుకు పరుగెత్తారు.

వంటింట్లోంచి ఆ మాట విన్న ఆయన భార్య చేతిలోని గరిటె జారిపోయింది. తల్లి లేని తనను పెంచి పెద్దచేసింది పిన్నే. ఆ మాట తనకు చెప్పే ధైర్యం లేకే భర్త వెళ్ళిపోయాడనుకుని, ఏడుస్తూ అన్నయ్యకు ఫోన్ చేసింది. అందరూ అక్కడ కలుసుకుని పిన్ని ఊరికి బయల్దేరవచ్చునని అన్నయ్య బంధువుల గ్రూపులో "ఘోరం జరిగింది, వెంటనే చెల్లి ఇంటికి రండి" అని పెట్టాడు. ఆ గ్రూపులో పిన్ని కూడా ఉన్నదన్న సంగతి దుఃఖంలో తట్టలేదు.

మధ్యాహ్నానికి హాలు నిండిపోయింది. అంతలో పిన్ని వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"బంగారంలాంటి అల్లుడు. ఏమైందే తల్లీ?"

డాక్టరుగారి భార్య పిన్ని చెయ్యి పట్టుకుని, వేళ్ళన్నీ ఒకటొకటిగా తడిమి చూసుకుంది. ఆవిడ వెనకాలే బంగారంలాంటి అల్లుడు మొలలోతు బురదతో వచ్చి నిలబడ్డాడు. చెరువులో ఆయనకు దొరికింది అదొక్కటే.

"ఎవరు పోయారు?" అని ఆయనే అడిగారు.

గుడ్లగూబల సంగతి విప్పి చెప్పడానికి అరగంట పట్టింది. భార్య ఆయన మెళ్ళోంచి బైనాక్యులర్స్ తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. అది చూసి ఆయనకు భయం వేసింది. అప్పుడు మళ్ళీ కార్యదర్శి ఫోన్. తాను రెండో పేజీ తిప్పలేదట. అందులో ఒక రకం వడ్రంగిపిట్టను రెండు జాతులుగా విడదీశారట, డాక్టరుగారు రెండింటినీ ఎప్పుడో చూసేశారట. మళ్ళీ ఐదు వందలే.

సాయంత్రం బంధువులంతా ఏడ్చి ఉబ్బిన కళ్ళతోనే సన్మానానికి వెళ్ళారు. పక్షులంటే ఇంతగా చలించిపోయే కుటుంబాన్ని తన జీవితంలో చూడలేదని సంఘం అధ్యక్షుడు వేదికమీద మెచ్చుకున్నాడు.