బ్రీదర్ పైపు దొరకని అదృష్టం

పాత కారుకు స్పేర్ పార్టు దొరకకపోవడాన్ని మించిన అదృష్టం ఈ కాలంలో ఇంకొకటి లేదు. మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి! కొత్త కారు కొని, ఏది పాడైనా ఒక్క ఫోన్ కొడితే గంటలో మనిషి వచ్చి బాగుచేసి పోయే దురదృష్టవంతులు నవ్వక ఏం చేస్తారు? వాళ్లకు పక్క ఊరు తెలీదు, పక్క రాష్ట్రం భాష తెలీదు, సాటి మనిషి తెలీదు. ఎక్కడం, దిగడం తప్ప ఇంకేమీ తెలీదు.

నా మాట మీద నమ్మకం లేనివాళ్లు పాకాల పోయి జయరావును చూసి రండి. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైన మనిషి. మూడు నెలల కిందటి దాకా ఆయన అందరిలాంటి మామూలు మనిషే. పొద్దున భార్యను కారులో బడి దగ్గర దించేవాడు, సాయంత్రం పోయి తెచ్చుకునేవాడు, మధ్యలో పేపరు చదువుకునేవాడు. అంతకుమించి ఎదుగూ బొదుగూ లేని జీవితం. ఈ మూడు నెలల్లో ఆయనకు పట్టిన యోగం వింటే మీకు కళ్లు కుడతాయి.

ముందు కారు సంగతి చెప్పాలి. ఒకప్పుడు ఎరుపు రంగు. ఆ మాడల్‌ను కంపెనీవాళ్లు ఆపేసి తొమ్మిదేళ్లయింది. దాని మీద జయరావుకు మోజేమీ లేదు. అందులో అమల కాలు పడుతుంది, అంతే.

అమల ఆయన భార్య. పాకాలకు పదకొండు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె బడికి హెడ్మిస్ట్రెస్, ఉన్న ఒక్క టీచరూ ఆమే. సర్వీసు ఇంకా రెండేళ్లుంది. నాలుగేళ్లుగా ఎడమ మోకాలు అరిగిపోయి సగం కూడా వంగదు. బస్సు మెట్టు ఎక్కలేదు. ఆటోలో కూర్చుంటే కాలు రోడ్డు మీదికి చాపాలి. తిరుపతిలో షోరూములన్నీ తిరిగి, నిలబెట్టిన ప్రతి కొత్త కారులోనూ కూర్చుని చూసింది. ముందు సీట్లో కాలు పట్టలేదు. బాడుగ కారు మాట్లాడుకుని వెనక సీట్లో అడ్డంగా కూర్చుని పోతే, బడి చేరేసరికి నడుము పట్టేసింది. ఈ పాత కారులో మాత్రం ముందు సీటు చివరిదాకా వెనక్కి జరుగుతుంది, తలుపు బార్లా తెరుచుకుంటుంది. కారుంటే అమలకు బడి ఉంది. కారు లేకపోతే బడి లేదు.

అలాంటి కారుకు బ్రీదర్ పైపు పగిలింది.

ఇంజన్ కూడా మనలాంటిదే పాఠకులారా! లోపల పుట్టే పొగా ఆవిరీ బయటికి పోవడానికి దాని నెత్తిన జానెడు రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. అది పగిలితే ఆయిల్ చిమ్ముతుంది, పొగ కమ్ముతుంది. మూసుకుపోతే ఊపిరాడక, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ ఎగిరి బయటపడుతుంది. ప్రాణాయామం గురించి టీవీలో ఎందరు చెప్పినా తలకెక్కని జయరావుకు, ఊపిరి విలువ ఒక్క పూటలో తెలిసిపోయింది. ఇది మొదటి లాభం.

మెకానిక్ చిన్నబ్బ పద్నాలుగేళ్లుగా ఆ కారుకు కుటుంబ వైద్యుడు. చేతిలోకి తీసుకుని గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“జానెడే సార్. అయితే రెండు వంపులుండాయి, ఒక మూతి లావు, ఒక మూతి సన్నం. కంపెనీదే వెయ్యాల. వేరేది నిలబడదు,” అన్నాడు.

అన్నాడే గానీ ప్రయత్నం మానలేదు. గ్యాస్ స్టవ్ ట్యూబు వేశాడు, వంపు దగ్గర నలిగిపోయింది. పాలు పితికే మిషన్ గొట్టం వేశాడు, వేడి ఆయిల్ తగిలి బొండాంలా ఉబ్బింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి ఎవరినో బతిమాలి ఇంకో గొట్టం తెప్పించి వేశాడు. రెండు రోజులు అమల బడికి పోయినంత దూరమూ కారులో తోతాపురి వాసన వచ్చింది, మూడో రోజు అదీ చిరిగింది. అట్లా రెండు మూడు రోజులకొక గొట్టం మారుస్తూనే అమలను బడికి చేరుస్తూ వచ్చారు. మన చిత్తూరు సీమలో ఎన్ని రకాల గొట్టాలు ఉన్నాయో, ఏ గొట్టం దేనికి పనికిరాదో జయరావుకు తెలిసినంతగా ఇప్పుడు ఇంజనీరింగ్ చదివినవాళ్లకు కూడా తెలీదు. చదువుకు వయసేమిటి చెప్పండి!

అసలు గండం వేరే ఉంది. మూడు నెలలు తిరక్కుండానే, పద్నాలుగో తేదీకి, కారుకు పదిహేనేళ్లు నిండబోతున్నాయి. ఆలోగా రవాణా ఆఫీసు తనిఖీకి తీసుకుపోయి, అది బాగుందనిపించుకుంటేనే రిజిస్ట్రేషన్ ఇంకో అయిదేళ్లకు పొడిగిస్తారు. ఆయిల్ చిమ్మే కారును ఎవరు బాగుందంటారు? పొడిగించకపోతే తుక్కు కింద పోవాల్సిందే.

జయరావు కంపెనీ షోరూముకు పోయాడు. అక్కడ ఆయనకు ఏసీలో సీటు వేశారు, కాఫీ ఇచ్చారు. ఆ పైపు విడిగా రాదనీ, ఇంజన్ పై కవరుతో కలిపి సెట్‌గానే వస్తుందనీ టై కట్టుకున్న అమ్మాయి మర్యాదగా చెప్పింది. పోనీ సెట్టే ఇవ్వమన్నాడు జయరావు. ఆ సెట్ ఆగిపోయి నాలుగేళ్లయిందని ఇంకా మర్యాదగా చెప్పింది. ఒక మాటలో కోరిక పుట్టించి, తర్వాతి మాటలో దాన్ని పోగొట్టి మనిషిని వైరాగ్యం వైపు నడిపించడం మఠాల్లో కూడా ఇంత తొందరగా జరగదు.

ఇక అక్కడి నుంచి దేశాటనం. తిరుపతిలో చక్రధర్ షాపు, చిత్తూరులో మునిప్రసాద్ షాపు, సరిహద్దు దాటి కాట్పాడి, వేలూరు. తిరుపతి షాపుల్లో కొండకు పోయే టాక్సీల పార్టులు గోడల నిండా వేలాడుతుంటాయి, జయరావు కారుది తప్ప. వేలూరులో ఆయన అరవం నేర్చుకున్నాడు. నేర్చుకున్నది లేదు అనడానికి వాళ్లనే ‘ఇల్లె’ ఒక్క మాటే అనుకోండి. కానీ ఆ మాటను కోపంగా, జాలిగా, ఫోన్ మాట్లాడుతూ, తల ఎత్తకుండా ఎన్ని రకాలుగా అనవచ్చో ఇప్పుడాయన చక్కగా చెప్పగలడు.

మన వైపు స్పేర్ పార్టుల షాపుల్లో ఒక ఆచారం ఉంది. మీకు తెలిసే ఉంటుంది. నోటితో ఎంత వివరంగా చెప్పినా వినరు, ఫోన్లో ఫోటో చూపించినా చూడరు. కౌంటర్ మీద పాత పీసు పెట్టాలి. దాన్ని శాంపిల్ అంటారు. శాంపిల్ లేనివాడు షాపువాళ్ల లెక్కలో మనిషే కాదు. కాబట్టి జయరావు ఆ పగిలిన గొట్టాన్ని కడిగి, తుడిచి, గుడ్డ సంచిలో పెట్టుకుని ఊరూరా తిరిగాడు. రైల్వే మనిషి కదా, గొడుగు దగ్గర్నుంచి మంచినీళ్ల చెంబు దాకా ప్రతి వస్తువు మీదా పేరు వేసుకునే అలవాటు. ఏ షాపులోనైనా మారిపోతుందేమోనని, బ్లేడుతో గొట్టం మీద ‘జె.ఆర్.’ అని నీటుగా గీసి మరీ తిరిగాడు.

చిత్తూరులో మునిప్రసాద్ ఆ గొట్టాన్ని చూసి ముచ్చటపడ్డాడు. ఇది అసలు సిసలు కంపెనీ మాల్ అనీ, మద్రాసులో తనకు తెలిసినాయన ఉన్నాడనీ, శాంపిల్ పంపితే వారంలో తెప్పిస్తాననీ చెప్పాడు. జయరావు సంచిలోంచి గొట్టం తీసి ఆయన చేతిలో పెట్టాడు. చూశారా, ముప్పై నాలుగేళ్లు పాయింట్లు మార్చి ఒక్క బండిని కూడా తప్పు లైనులోకి పంపని మనిషి!

వారం అయింది, రెండు వారాలయింది. మద్రాసు ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. మునిప్రసాద్ తప్పేమీ లేదు, ఆయన కూడా పాపం రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. జయరావు మళ్లీ షాపులు తిరగబోతే ప్రతివాళ్లూ ఒకటే అడిగారు, పాత పీసు ఏదని. పైపు లేకపోవడం ఒక మెట్టు. పైపు లేదని చూపించుకోవడానికి కూడా ఏమీ లేకపోవడం అంతకన్నా పై మెట్టు.

పద్నాలుగో తేదీ ఇంకా పన్నెండు రోజులుందనగా తిరుపతి నుంచి చక్రధర్ ఫోన్ చేశాడు.

“మీ పైపు వచ్చేసినాది సార్. ఒరిజినల్. ఒక్కటే పీసు ఉండాది, బిరీన రాండి.”

జయరావు అమలను కేకేసి చెప్పాడు. అమల చాక్‌పీసు పెట్టె సర్దుకుంటూ, దేవుడున్నాడు అంది. ఆయన పాసింజరు బండెక్కి తిరుపతి పోయి, అడిగినంతా ఇచ్చి, ప్లాస్టిక్ కవర్లో సీలు వేసిన పైపును గుండెకు ఆనించుకుని తెచ్చి చిన్నబ్బ చేతికిచ్చాడు. చిన్నబ్బ కవరు చించాడు. గొట్టాన్ని ఎండలోకి తిప్పి చూశాడు. జయరావు వైపు తిప్పి పట్టుకున్నాడు.

పగులును అంటించి, పైన నల్లరంగు పూసి నిగనిగలాడించారు. రంగు కింద రెండక్షరాలు స్పష్టంగా కనబడుతున్నాయి.

జయరావు అక్కడి నుంచే చక్రధర్‌కు ఫోన్ చేశాడు. ఇది పాత పీసు అన్నాడు. చక్రధర్ నొచ్చుకున్నాడు. మద్రాసు నుంచి నేరుగా వచ్చిన సరుకు అన్నాడు.

“దాని మీద జె.ఆర్. అని ఉండాది సూడండి సార్. లోకల్ మాల్ మీద పేరుండదు. అది కంపెనీ మార్కు.”

“ఆ కంపెనీ నేనేనప్పా,” అన్నాడు జయరావు.

పోయిన వస్తువు తిరిగి రావడమే అరుదు. అది స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని, వెల పెంచుకుని రావడం ఎంతమందికి రాసిపెట్టి ఉంటుంది?

చేసేదేమీ లేక చిన్నబ్బ దాన్నే బిగించాడు. మద్రాసు ఆయన పనితనాన్ని తక్కువ చేయకూడదు, అతుకు పదకొండు రోజులు ఆగింది. పన్నెండో రోజు తనిఖీ. లైట్లు వెలిగాయి, బ్రేకులు పట్టాయి, హారన్ మోగింది. ఇంజన్ ఆపకుండా కాసేపు అట్లాగే ఉంచమన్నారు. ఉంచితే పైపు చప్పున విడిపోయి ఆయిల్ చిమ్మింది, తొంగి చూస్తున్న ఆఫీసరు తెల్లచొక్కా మీద పడింది. ఆయన మంచివాడు, కోప్పడలేదు. కారంతా బాగుంది, ఆ గొట్టం ఒక్కటీ మార్చుకుని రమ్మన్నాడు. తేదీ మాత్రం ఆయన చేతిలో లేదు; గొట్టం దొరికి, జరిమానా కట్టి మళ్లీ తనిఖీ చేయించుకునేదాకా కారు రోడ్డెక్కకూడదు.

కారు ఇప్పుడు ఇంటి ముందు టార్పాలిన్ కింద ఉంది. అమల సోమవారం నుంచి సెలవు పెట్టింది.

బంధువులు వచ్చి తలా ఒక మాట చెప్పారు. కారును కాదు, కాలునే బాగు చేయించమన్నారు. అదీ సబబే కదా! ఇద్దరూ తిరుపతిలో ఎముకల డాక్టరు దగ్గరకు పోయారు. డాక్టరు ఎక్స్‌రే చూసి, మోకాలి చిప్ప మార్చేద్దామన్నాడు. రంగుల పుస్తకం ఒకటి తెరిచి చూపించాడు. ఎడమవి, కుడివి, ఆడవాళ్లవి, మగవాళ్లవి, సైజుల వారీగా మోకాళ్లు. ఇప్పుడు చెబితే సాయంత్రానికి స్టాక్ వచ్చేస్తుందన్నాడు.

జయరావుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు నెలలుగా ఏ కౌంటర్ ముందూ ‘ఉంది’ అన్న మాట విని ఎరగడు. పాత పీసు అడగకుండానే సైజు చెప్పినవాడు కూడా ఈయన ఒక్కడే. వెంటనే సరే అనబోయాడు.

అమల చెయ్యి అడ్డం పెట్టింది. పుస్తకం తన వైపు తిప్పుకుని, బడిలో పిల్లల నోటుబుక్కు దిద్దినట్టు బొమ్మను వేలితో తడిమి చూసింది. మధ్యలో ఉన్న ఈ తెల్ల బిళ్ల ఏమిటని అడిగింది. అది ప్లాస్టిక్ అనీ, పదిహేనేళ్లకో ఇరవై ఏళ్లకో అరిగితే అదొక్కటే మార్చుకోవచ్చనీ డాక్టరు చెప్పాడు.

“అప్పటికి ఈ మాడల్ ఉంటాదా సార్?” అంది అమల.

డాక్టరు నవ్వాడు. కొత్త మాడళ్లు వస్తూనే ఉంటాయన్నాడు.

“అది కాదు సార్. ఈ మాడల్ ఆపేస్తే, ఈ బిళ్ల ఒక్కటి విడిగా దొరుకుతాదా?”

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అలా జరగదని ముందు అన్నాడు. ఒకవేళ జరిగితే, అప్పుడు మొత్తం సెట్ మార్చాల్సి ఉంటుందన్నాడు.

అమల పుస్తకం మూసి డాక్టరు వైపు జరిపింది. బల్ల పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది.

“పాండి,” అంది జయరావుతో. “ఆ గొట్టమే ఎతుక్కుందాం.”

నేను ఇంతసేపూ అదృష్టం అదృష్టం అని వాదించాను. మీరు మర్యాదస్తులు కాబట్టి విన్నారు. కానీ ఆ ఇంటి ముందు నిలబడి చూస్తే నాకే సిగ్గేసింది. చక్రాలు బాగున్నాయి, బ్రేకులు బాగున్నాయి, ఇంజన్ ఇంకో పదేళ్లు నడుస్తుందని చిన్నబ్బ ప్రమాణం చేస్తున్నాడు. పాఠం చెప్పడానికి అమల సిద్ధంగా ఉంది, నడపడానికి జయరావు సిద్ధంగా ఉన్నాడు. జానెడు రబ్బరును విడిగా అమ్మితే మనం కొత్త కారు కొనబోమని ఎవరో ఎక్కడో లెక్క వేసుకున్నారు. కొత్త కారులో అమల కాలు పట్టదన్న సంగతి ఆ లెక్కలో లేదు.

సోమవారం నుంచి ఆ బడిలో నలభై ఒక్కమంది పిల్లలకు ప్రేయరు చేయించేవాళ్లు లేరు. పదిన్నర దాకా గేటు దగ్గరే నిలబడి, రోడ్డు మీద ఎర్ర కారు కోసం చూసి చూసి లోపలికి పోతున్నారట. ఎంత అదృష్టవంతులో!